పెద్దయ్యాక గంగకు సరిపోయే క్యాలిపర్

మదనపల్లెలోని మా వర్క్‌షాపులో కాళ్లు చచ్చుబడిన పిల్లలు నడవడానికి కట్టుకునే ఇనుప క్యాలిపర్లు చేస్తాం. ఆ డిజైను కంప్యూటర్లో ఒక్కసారే గీసి పెట్టుకున్నాను. కాలి పొడవు మారిస్తే చాలు, కమ్మీలు, పట్టీలు, మోకాలి కీలు అన్నీ ఆ కొలతకు తగ్గట్టు వాటంతటవే మారిపోతాయి.

ఈ రోజు పుంగనూరు నుంచి రెడ్డెమ్మ తన ఏడేళ్ల కూతురు గంగను తీసుకొచ్చింది. గంగ ఎదిగింది, పాత క్యాలిపర్ చాలడం లేదు. కంప్యూటర్లో కొత్త కొలత వేసి, బొమ్మ మారడం చూపించాను. రెడ్డెమ్మ ఆశ్చర్యపోయేసరికి నాకు హుషారొచ్చింది. పదేళ్లకు, పదిహేనేళ్లకు, పెద్దయ్యాక సరిపోయేవి కూడా వరసగా తెర మీద నిలబెట్టాను.

రెడ్డెమ్మ ముఖం పాలిపోయింది.

"అంటే పెద్దయినాక కూడా ఇది కట్టుకోవాల్సిందేనా అప్పా? ఈ ఒక్కటీ ఏసుకుంటే సాలనుకుంటాంటిని."

"కట్టుకోవాల్సిందేనమ్మా" అన్నాను.

గంగ మెల్లగా తెర దగ్గరికి వెళ్లి, చివరి బొమ్మ మీద వేలు పెట్టింది.

"మా, నేను ఇంత పొడుగయితానా?"

రెడ్డెమ్మ కళ్లు తుడుచుకుంది. "అయితావు పాపా. నాకంటే పొడుగయితావు."

గొప్పకు పోయి చూపించిన వరస అది. చూపించకుండా ఉండాల్సిందా? సాయంత్రం నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.