అప్పన్న చేతిలో లావణ్య చెయ్యి

అప్పన్నకి భయం అంటే ఏమిటో తెలియదని మా ఊళ్ళో అందరూ అనుకునేవారు. నేనూ అనుకున్నాను. గాలికి ఊగిపోయే కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చుని, కింద నించి ఎవరైనా పలకరిస్తే నింపాదిగా కబుర్లు చెప్పే మనిషి. పి.గన్నవరం చుట్టుపక్కల చెట్టెక్కి కొబ్బరికాయల దింపు తీసేవాళ్ళకి కొదవ లేదు. కానీ చెట్టు మరీ పొడుగైతే అప్పన్నకే కబురు వెళ్ళేది. అంతటివాణ్ణి కన్నకూతురి చెయ్యి గడగడలాడించేసింది. పక్కింటిదాన్ని కనక నేను కళ్ళారా చూశాను.

తొంభై ఆరు తుఫాను తరవాతి ఏడు. సగం చెట్లు పడిపోయి, నిలబడ్డవాటికి కాపు లేక, అప్పన్న ఎక్కువగా ఇంటి దగ్గరే ఉండేవాడు. అప్పుడే అతని భార్య సూర్యకుమారికి కాన్పు అయింది. బొద్దుగా ఉన్న ఆడపిల్ల. పురిట్లో పిల్ల భుజం అడ్డుపడి, తల్లీబిడ్డల ప్రాణాల మీదికి వచ్చి, ఎలాగో గండం గడిచింది. ఇద్దరూ దక్కారు, అంతే చాలనుకున్నాం. తీరా చూస్తే పిల్ల ఎడమ చెయ్యి ఆడిస్తోంది, కుడి చెయ్యి మాత్రం ఎక్కడ పెడితే అక్కడే పడి ఉంటోంది. లావణ్య అని పేరు పెట్టిన రోజున ఆ చెయ్యి కనపడకుండా పొడుగు చేతుల చొక్కా తొడిగారు. నాకు ఒళ్ళు మండింది. దాస్తే పోయే జబ్బా అది?

నేనే వాళ్ళని అమలాపురం తీసుకెళ్ళాను. డాక్టరుగారు చూసి, చేతులూ కాళ్ళూ ఆడించి నయం చేసే కరుణగారి దగ్గరికి పంపించారు. రాజోలు వైపు మేష్టారి కూతురట ఆవిడ. చిన్నాపెద్దా లేకుండా అందరినీ అండీ అనే పిలుస్తుంది.

"పురిట్లో నరం సాగిపోయిందండీ. అది మేలుకోడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా చెయ్యి ఆడించకపోతే కీలు బిగుసుకుపోద్ది. అప్పుడు నరం మేలుకున్నా ఏం లాభమండీ? అందుకే గుడ్డ మార్చినప్పుడల్లా ఆడించాలి. ఇద్దరూ నేర్చుకోండి."

"మేలుకుంటదాండి?" అన్నాడు అప్పన్న.

"చాలామంది పిల్లలకి మేలుకుంటదండీ. నేను మాట మటుకు ఇవ్వలేను. కీలు చూసుకోడం మన చేతిలో ఉంది."

ఇంటికొచ్చాక సూర్యకుమారి రెండు రోజులు చేసింది. పిల్ల గుక్కపట్టగానే తానూ ఏడ్చి, గుండెలకి హత్తుకుని, "నా వల్ల కాదు పిన్నిగారూ" అని చేతులెత్తేసింది. దాంతో పని అప్పన్న మీద పడింది. చెట్లెక్కీ ఎక్కీ అతని అరచేతులు మొద్దుబారిపోయి ఉంటాయి. అవి తగిలితే పిల్ల ఒళ్ళు గీసుకుపోతుందని భార్య పాత చీర చింపి చేతులకి చుట్టుకుని మరీ చెయ్యి ఆడించేవాడు.

"ఏం అప్పన్నా, వంట దించుతున్నావా, పిల్ల చెయ్యి ఎత్తుతున్నావా?" అని నేను ఏడిపించేదాన్ని. నవ్వేవాడు కాడు.

కొన్నాళ్ళకి పక్కింట్లోంచి ఏడుపు వినపడ్డం మానేసింది. పిల్ల అలవాటు పడిందనుకుని సంతోషించాను. అడిగితే అప్పన్న, "ఆయ్, చేత్తన్నామండి" అనేవాడు.

మళ్ళీ అమలాపురం వెళ్ళినప్పుడు కరుణగారు లావణ్యని బల్ల మీద పడుకోబెట్టి కుడి చెయ్యి మెల్లిగా పైకెత్తారు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకాస్త ఎత్తబోతే పిల్ల కెవ్వుమంది.

"చేస్తున్నారాండీ?"

"ఆయ్" అన్నాడు అప్పన్న. ఆవిడ అతని మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపుకి సూర్యకుమారి తట్టుకోలేకపోయింది.

"లేదండి. మానేశారండి. దాన్ని ముట్టుకోడానికే భయపడతన్నారు."

అప్పన్న తల దించుకున్నాడు. "ఇరిగిపోయిందండి. నా చేతుల్లోనే ఇరిగిపోయింది. పైకెత్తుతుంటే టక్కుమంది."

ఇన్నాళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకుని తిరిగాడన్నమాట! కోపం వచ్చింది, జాలీ వేసింది. కరుణగారు మాత్రం పిల్ల భుజమూ మెడ ఎముకా అంగుళం అంగుళం తడిమి చూశారు. ఏమీ విరగలేదన్నారు. అప్పన్న నమ్మలేదు. ఓదార్చడానికి అంటోందనుకున్నాడు కాబోలు.

"ఇలా కూర్చోండి" అని అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, అతని కుడి చెయ్యి పట్టుకుని పైకెత్తి తిప్పారు. టక్కుమంది. గోడ పక్క బల్ల మీద కూర్చున్న నాకు కూడా వినపడింది.

"ఈ చప్పుడేనాండీ?"

అప్పన్న నోరు తెరిచాడు. "అదేనండి."

"మీ భుజం ఇరిగిందా?"

"లేదండి. చెట్టెక్కినప్పుడల్లా అంటానే ఉంటదండి."

నేను ఆపుకోలేక పకపకా నవ్వేశాను. అతను మాత్రం మొహం కప్పుకుని ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడుస్తుంటే నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

"చప్పుడు విన్న రోజే రావాల్సిందండీ" అన్నారు కరుణగారు. "భయమేస్తే మానెయ్యకండి, బస్సెక్కి వచ్చెయ్యండి. ఎన్నిసార్లొచ్చినా ఏం అనుకోను. ఆ గుడ్డ కూడా తీసెయ్యండి. కీలు ఎక్కడ ఆగుతోందో మీ చేతికి తెలియాలి కదా."

అతని మొరటు చెయ్యి మీద తన చెయ్యి వేసి, ఆ రెంటితోనూ లావణ్య చేతిని కొంచెం కొంచెంగా ఎత్తించారు. పిల్ల ఏడ్చింది. ఈసారి అతను వదలలేదు.

అక్కణ్ణించి చెయ్యి ఆడించడం అరుగు మీదే, అందరి కళ్ళెదుటే సాగింది. పొడుగు చేతుల చొక్కా పెట్టెలోకి పోయింది. కీలు మళ్ళీ వదులైంది. కానీ చేతిలో చలనం మాత్రం లేదు. వారాలు గడిచాయి. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏవన్నా కదిలిందా?" అని అడగడం, అతను తల అడ్డంగా ఊపడం. మొదట్లో నేనూ అడిగేదాన్ని. తరవాత అడగాలంటేనే బెదురు పుట్టేది. చెయ్యి దించాక అప్పన్న ఆ చేతిని కాసేపు అలాగే చూస్తూ కూర్చునేవాడు. అప్పుడు అటు చూడలేక లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే పిల్లని ఎత్తుకుని మా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బిగుసుకుపోయింది పిన్నిగారూ! నిన్నటిదాకా సుబ్బరంగా ఆడింది. ఇయ్యాల మోచెయ్యి చాపుతుంటే ఎదురు తిరుగుతంది. నేనేం మానలేదండి, ఒట్టు!"

వెనకాల సూర్యకుమారి ఏడుస్తోంది. ఇన్ని నెలల పాట్లూ గోదాట్లో కలిసిపోయాయనుకున్నాను. కట్టుబట్టలతోనే బస్సెక్కాం. అమలాపురం చేరేదాకా అప్పన్న ఆ చెయ్యి మళ్ళీ ముట్టుకోలేదు.

కరుణగారు లావణ్య మోచేతిని మెల్లిగా చాపి వదిలారు. మళ్ళీ చాపారు. ఆవిడ పెదాలు బిగించి ఉండడం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అప్పన్నగారూ, మీరు పట్టుకోండి. చాపండి. ఆఁ, ఇప్పుడు వదలండి."

అతను వదిలాడు. మోచెయ్యి వంగింది. ఎవరూ ముట్టుకోకుండా, దానంతట అదే వంగింది.

"బిగుసుకోలేదండీ. లాక్కుంటోంది."

"ఎవరండీ?" అన్నాడు అప్పన్న అయోమయంగా.

"మీ అమ్మాయండీ! చెయ్యి మీకు ఇవ్వనంటోంది."

అతను మళ్ళీ చాపాడు. లావణ్య మొహం చిట్లించి మళ్ళీ లాక్కుంది. ఎంత బలమని! చీమంత బలం. ఆ బలానికి అప్పన్న చెయ్యి వదిలేసి ఓడిపోతూ, మళ్ళీ పట్టుకుంటూ, మళ్ళీ ఓడిపోతూ కూర్చున్నాడు. సూర్యకుమారి నన్ను కావిలించుకుంది. నేను ఏడవలేదని చెబితే అబద్ధమవుతుంది.

తిరుగు బస్సులో పిల్ల అతని ఒళ్ళో నిద్రపోయింది. అప్పన్న దాని కుడి చేతిని తన బొటనవేలికి ఆనించుకుని, గోదారి పాయ మీది అక్విడక్టు వంతెన దాటేదాకా ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా నా వైపు వంగాడు.

"పిన్నిగారూ, రేపు కూడా లాక్కుంటదంటారా?"

"లాక్కోకపోతే మళ్ళీ ఈ బస్సే ఎక్కుదాం" అన్నాను.