చప్పట్ల దగ్గర ఆగిపోయిన సాక్ష్యం

పరదేశి ఆరాధనలో కూర్చోగా ఎవరూ చూడలేదు. ప్రార్థన జరుగుతుంటే కిటికీ పక్కన నిలబడతాడు. పాట మొదలవగానే వెనక స్పీకరు దగ్గరికి నడుస్తాడు. ప్రసంగం మధ్యలో వంగి ఏదో వైరు సర్దుతాడు. భక్తి తక్కువై కాదు, అతని పని అలాంటిది. అనకాపల్లి గవరపాలెంలో అతనిది మైకుసెట్టు. పెళ్ళికీ, ఎలక్షన్‌కీ, నూకాలమ్మ జాతరకీ, ఆదివారం ఆరాధనకీ అవే పెట్టెలు. జాతరకి మైకు కట్టినందుకు సంఘంలో ఇద్దరు పెద్దలు ఒకసారి నిలదీశారు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో మీ ఇంటి నుంచి బియ్యం పంపుతారా అని పరదేశి అడిగాడు. వాళ్ళు పంపలేదు, ఇతను మానలేదు.

యువతకి విశ్వాసం గురించి చెప్పాల్సి వస్తే మనవాళ్ళు వెంటనే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల దగ్గరికి పరిగెడతారు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి హతసాక్షి అయ్యే అవకాశం ఎప్పుడొస్తుంది? అబద్ధం చెప్పకుండా ఉండే అవకాశం మాత్రం రోజుకి పదిసార్లు వస్తుంది. అందులో తొమ్మిది మనం జారవిడుస్తాం. యాభై ఏళ్ళ పరదేశి కూడా ఒకటి జారవిడిచాడు, అదీ మైకు చేతిలో ఉండగా.

పోయిన ఏడాది వానల్లో అతనికి దగ్గు పట్టుకుంది. రెండు నెలలైనా వదల్లేదు. మనిషి సగమయ్యాడు. పెట్టె భుజానికెత్తి నాలుగు మెట్లెక్కితే ఊపిరి అందేది కాదు. సర్కారు ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష చేసి టీబీ అన్నారు. భార్య అప్పలకొండమ్మ ఆ మాట గడప దాటనివ్వలేదు. ఎవరడిగినా నిమ్ము చేసిందని చెప్పింది. ఆమె భయం ఆమెది. రింగు రోడ్డు మలుపులో ఆమెకి ఇడ్లీ బండి ఉంది. టీబీ మనిషి ఇంట్లో రుబ్బిన పిండి అని తెలిస్తే ఆ బండి దగ్గర ఎవరాగుతారు?

ఆరు నెలలు, రోజూ పొద్దున్నే పరగడుపున నాలుగు బిళ్ళలు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సంఘమంతా అతని కోసం ప్రార్థించింది, జబ్బు పేరు తెలియకుండానే. అతనూ ప్రార్థించాడు. బిళ్ళలు అరచేతిలో పెట్టుకుని, ప్రభువా ఇవి పనిచేసేలా చూడు అనేవాడు. ఆ తర్వాతే నీళ్ళు తాగేవాడు. మే నెలాఖరుకి డాక్టరు తగ్గిపోయిందని చెప్పాడు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. మేలు పొందినవాళ్ళు ఆదివారం ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. రెండు నిమిషాలు. వెనక కీబోర్డు సన్నగా మోగుతూ ఉంటుంది. చెప్పే మనిషి కష్టం దగ్గర మొదలుపెట్టి ప్రభువు దగ్గరికి చేరగానే జనం చప్పట్లు కొడతారు, కీబోర్డు పెద్దదవుతుంది, పాట అందుకుంటారు. చప్పట్ల తర్వాత మాట్లాడినవాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళుగా ఆ సాక్ష్యాలకి సౌండు పెంచీ తగ్గించీ ఉన్నాడు కాబట్టి పరదేశికి ఈ సంగతి అందరికన్నా బాగా తెలుసు.

జూన్ మొదటి ఆదివారం అతని వంతు వచ్చింది. చచ్చిపోతాననుకున్నానన్నాడు. దగ్గు, ఆయాసం, బక్కచిక్కిపోవడం, ఇంట్లో ఏడుపులు, సంఘం ప్రార్థన అన్నీ చెప్పాడు. ఈ పొద్దు ఈ రెండు పెట్టెలూ నేనే ఎత్తాను, ప్రభువు నన్ను ముట్టాడు అన్నాడు. అంతే. చప్పట్లు. ఆసుపత్రి, బిళ్ళలు, బిళ్ళలు మానొద్దని పేరు పెట్టి పిలిచి మరీ తిట్టిన నర్సు, ఇవన్నీ తరవాతి వాక్యంలో ఉన్నాయి. చప్పట్లు ఆగితే చెబుదామని చూశాడు. ఆగలేదు. ఎవరో వచ్చి కావలించుకున్నారు. పాట మొదలైంది. మైకు స్టాండుకి తగిలించి పక్కకొచ్చేశాడు.

చెప్పాలనే అనుకున్నాను, వాళ్ళే చెప్పనివ్వలేదు అని ఆ సాయంత్రం తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. అందులో సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, టీబీ అనే మాట అనకుండా బయటపడ్డందుకు ప్రాణం హాయిగా ఉంది.

మూడు వారాల తర్వాత గురువారం యూత్ మీటింగు అయ్యాక వైర్లు చుడుతుంటే నితీష్ వచ్చి పక్కన కూర్చున్నాడు. డిగ్రీ ఆఖరి ఏడాది కుర్రాడు. మొహం పాలిపోయి ఉంది. మాట మధ్యలో రెండుసార్లు దగ్గాడు.

"నువ్వు ఆ రోజు చెప్పినవన్నీ నాకూ ఉన్నాయి మామా. నాది టీబీ" అన్నాడు, గొంతు తగ్గించి. "రెండు నెల్లు బిళ్ళలు మింగేను. నీ సాక్ష్యం ఇన్న రోజే ఆపీసేను. ప్రభువు నిన్ను ముట్టినోడు నన్ను ముట్టడా?"

పరదేశి చేతిలో వైరు చుట్ట విడిపోయి నేల మీద పడింది. నాదీ టీబీయేరా, ఆరు నెలలూ బిళ్ళలు మింగాను, ఒక్క రోజు కూడా మానలేదు అని అక్కడికక్కడే చెప్పేశాడు. నితీష్ నవ్వాడు. పెద్దవాళ్ళు పిల్లల కోసం కథ అల్లుతున్నప్పుడు పిల్లలు నవ్వే నవ్వు అది.

"మైకులో ఒకటి, సెవిలో ఒకటీనా మామా?"

ఆ మాట పరదేశిని ఇంటిదాకా తరిమింది. అన్నం ముందు కూర్చుని లేచాడు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి కార్డు జేబులో పెట్టుకుని నితీష్ ఇంటికి వెళ్ళాడు. కుర్రాడు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. బిళ్ళలు ఇచ్చి ఉంటారు, కానీ నిన్ను బాగుచేసింది అవి కాదని నువ్వే కదా చెప్పావన్నాడు. నేనలా అనలేదన్నాడు పరదేశి. అవి బాగుచేశాయని కూడా అనలేదు కదా అన్నాడు నితీష్. కొడుకు బిళ్ళలు ఆపేశాడని పరదేశి వాళ్ళమ్మకి చెప్పేశాడు. ఆమె లబలబలాడి, తల పట్టుకుని, కొడుకు నోట్లో బిళ్ళలు తనే వేసింది. వాడు నీళ్ళు తాగి పెరట్లోకి వెళ్ళి ఉమ్మేశాడు. పరదేశి గుమ్మంలోంచి అదంతా చూశాడు. బలవంతాన మింగించే వయసు కాదు వాడిది.

మధ్యాహ్నం భార్యకి చెప్పాడు. ఆదివారం మైకులో అంతా చెప్పేస్తానన్నాడు. అప్పలకొండమ్మ మినప్పప్పు కడుగుతోంది. తల ఎత్తలేదు.

"ఆర్నెల్లు నాను దాసేను. వీధిలో ఎవులడిగినా నిమ్ము నిమ్మని సెప్పి సెప్పి నా నోరు పడిపోయింది. నువ్వు రెండు నిమిషాల్లో ఇప్పీసి నా బండి ఆ రోడ్డు మీద పారబోత్తావా?"

ఆ కుర్రాడు చచ్చిపోతాడన్నాడు. ఆమె కడిగిన పప్పునే మళ్ళీ కడిగింది.

శనివారం పాస్టరు సురేష్‌బాబు గారింటికి వెళ్ళాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కుర్రాడి సంగతి విని నిజంగానే కంగారుపడ్డాడు. ఇప్పుడే పిలిపించి మాట్లాడతానన్నాడు. కానీ మైకు విషయం వచ్చేసరికి కుర్చీలో సర్దుకున్నాడు. చెప్పిన సాక్ష్యాన్ని సరిదిద్దుకుంటే వినేవాళ్ళకి అన్ని సాక్ష్యాల మీదా అనుమానం వస్తుందన్నాడు. విశ్వాసంలో బలహీనులు అభ్యంతరపడి తొట్రుపడతారన్నాడు. అప్పలకొండమ్మ బండి గురించి కూడా ఆలోచించమన్నాడు. అన్నీ న్యాయంగా వినిపించే మాటలే. భక్తి మాటలతో వచ్చే ఇబ్బంది ఇదే. పిరికితనానికి తొడిగినా చక్కగా అతుకుతాయి.

పరదేశి అప్పటికి రెండుసార్లు లేచి కూర్చున్నాడు. మూడోసారి లేచి తలుపు దగ్గర ఆగాడు.

"అయ్యగారూ, మీరు బీపీ బిళ్ళ ఏసుకుంతారు కదా. ఎప్పుడైనా మైకులో సెప్పేరా?"

సురేష్‌బాబు గారు లేచి తలుపు దాకా వచ్చాడు. రెండు నిమిషాలే సుమా, అన్నాడు.

ఆదివారం అప్పలకొండమ్మ ఆరాధనకి రాలేదు. పరదేశి ముందుగా కీబోర్డు సౌండు గుండీని సున్నాకి తిప్పాడు. అప్పుడు మైకు తీసుకున్నాడు. నితీష్ వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాళ్ళమ్మ లాక్కొచ్చినట్టుంది.

"నాలుగు వారాల కిందట నాను సగమే సెప్పేను" అన్నాడు. "నాకొచ్చింది నిమ్ము కాదు, టీబీ. ఆర్నెల్లు పొద్దున్నే నాలుగేసి బిళ్ళలు మింగేను. ప్రార్థనా సేసేను, బిళ్ళా మింగేను. ప్రభువు ముట్టేడని ఇప్పుడూ సెప్తన్నాను. ఆ బిళ్ళలు పట్టుకునే ముట్టేడు. మీరు సప్పట్లు కొట్టేరు, నాకు సిగ్గేసింది, మిగతాది దాసీసేను. నా మాటిని ఎవులైనా మందులాపీసుంటే ఆ తప్పు మీది కాదు, నాది. ఇంటికెల్లి ఏసుకోండి."

ఎవరో అలవాటు కొద్దీ స్తోత్రం అనబోయి మధ్యలో ఆగారు. ముందు వరసలో ఒకావిడ తన పక్కనున్న పిల్లని దగ్గరికి లాక్కుంది. పరదేశి అది చూశాడు, చూడనట్టు మైకు తగిలించాడు. అప్పుడు సురేష్‌బాబు గారు లేచి, ఎవరివైపూ చూడకుండా, తను పన్నెండేళ్ళుగా బీపీకి మందు వాడుతున్నానని చెప్పి, గబగబా కానుకల పాట ప్రకటించాడు. అదీ గొప్పే. పాట అయ్యేసరికి నితీష్ గోడ దగ్గర లేడు.

సోమవారం పొద్దున్న ఇడ్లీ బండి దగ్గర జనం పలచబడ్డారు. రోజూ వచ్చే ఆటోవాళ్ళు ముగ్గురు రోడ్డుకి అవతల కొట్టు ముందు నిలబడి తింటూ ఇటు చూడకుండా తంటాలు పడుతున్నారు. అప్పలకొండమ్మ మిగిలిన పిండి గిన్నె మీద మూత దబ్బున వేసింది. ఆ దెబ్బకి పరదేశి బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. కుర్రాడింటికి వెళ్ళాలా, వద్దా? మళ్ళీ వెళితే మొండికేస్తాడేమో. వెళ్ళకపోతే ఈ రోజు కూడా ఉమ్మేస్తాడేమో. రెండు అడుగులు అటు వేస్తాడు, ఆగుతాడు.

అలా ఆగినప్పుడే నితీష్ రోడ్డు దాటి వచ్చాడు. వందనాలు చెప్పలేదు. బండి చక్రం మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

"నీకు వాంతులయ్యేవా మామా?"

మొదటి నెలంతా అయ్యేవన్నాడు పరదేశి. ఒంటేలు నారింజ రంగులో వస్తే రక్తమనుకుని హడలిపోయానన్నాడు. వాసన తగిలితేనే కడుపు తిప్పేదని, అప్పలకొండమ్మ పక్కన నిలబడి బూతులు తిడుతుంటే మింగేవాడినని చెప్పాడు.

నితీష్ చక్రం మీంచి కాలు తీశాడు.

"నాది ఇశ్వాసం కాదు మామా. వాంతులు" అన్నాడు. "ఎలాగూ ఆపీద్దామనే ఉన్నాను. ఎలా ఆపాలో తెలీలేదు. మా అమ్మకేటి సెప్తాను? ఈలోపు నీ సాక్ష్యం దొరికింది."

మూడు రోజులుగా పరదేశి దేవుడితో, పాస్టరుతో, పెళ్ళాంతో తగువు పడి తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ ఇక్కడికి పనికిరాలేదు. కుర్రాడి భుజం మీద చెయ్యి వేశాడు. అప్పలకొండమ్మ రెండు ఇడ్లీలు ప్లేట్లో వేసి వాడి ముందుకి తోసింది.

"తిను. టీబీ ఓడికి టీబీ ఓడింటి ఇడ్లీ అంటే బయమేటి? తినీసి ఇద్దరూ ఆసుపత్రికి ఎల్లండి. నాకీడ బేరమూ లేదు, మిమ్మల్ని సూత్తా కూకోడానికి ఓపికా లేదు."

ఆసుపత్రిలో నర్సు ఇద్దరినీ కలిపి తిట్టింది. మధ్యలో మానేస్తే జబ్బు మొండిదవుతుందని, ఆ బిళ్ళలు ఇంకా పనిచేస్తాయో లేదో మళ్ళీ కళ్ళె పరీక్ష చేసి చూడాలని చెప్పింది. వాంతులకి వేరే మందు ఉంటుందట. అడిగితే మొదటి రోజే ఇచ్చేవాళ్ళట. ఫలితం వచ్చేదాకా ఏమీ చెప్పలేనంది. కళ్ళె పట్టే డబ్బా చేతికిచ్చి వరండాలో కూర్చోమంది.

బెంచీ మీద నితీష్ ఫోను తీసి, పెట్టేసి, మళ్ళీ తీశాడు. మరొకటి చెప్పాలన్నాడు. జూన్ నాటి సాక్ష్యాన్ని వీడియో తీసింది తనే. రాజయ్యపేటలో పెద్దమ్మకి పంపాడు. ఆవిడకి షుగరు, రోజూ బిళ్ళ వేసుకోవాలి. చాలా ఆదరణ కలిగిందని తిరిగి మెసేజీ పెట్టిందట. నిన్నటి మాటల్ని మాత్రం ఎవరూ వీడియో తియ్యలేదు.

"ఫోన్ సెయ్యి" అన్నాడు పరదేశి.

"ఏటని సెప్పను?"

"నాకివ్వు, నాను సెప్తాను."

నితీష్ ఫోను అతనికి ఇవ్వబోయి, ఇవ్వలేదు. నంబరు తనే నొక్కాడు. అవతల ఎత్తారు. గాలి హోరు మధ్య ఆవిడ గొంతు, ఏరా నాయినా బాగున్నావా, ఒంట్లో ఎలాగుందిరా అని అడిగింది.

"బాగోలేదు పెద్దమ్మా" అన్నాడు నితీష్. "ముందు నా సంగతి సెప్తాను, ఇను."