పడవలు లేని రోజు వచ్చిన టీచరు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ముమ్మిడివరంలో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మా అక్క శారద యూనివర్సిటీలో ప్రైమరీ టీచర్ కోర్సు చదివేది. బడిలో ప్రాక్టీసు మొదలుకాకముందే కామెర్లు ముదిరి చనిపోయింది. పిల్లల ముందు నిలబడి ఒక్క పాఠమైనా చెప్పలేదు. తర్వాత నేనూ అదే కోర్సులో చేరాను. ఇష్టంతో చేరానో, అమ్మ ముఖం చూడలేక చేరానో నాకే తెలియదు.

చివరి ఏడాది టీచింగ్ ప్రాక్టీసుకు నాకు కపిలేశ్వరపురం దగ్గర ఒక లంకలోని బడి ఇచ్చారు. గోదావరి పాయ దాటి వెళ్లాలి. సోమవారం చేరాల్సింది. ఆ రోజు వరద నీరు పెరిగిందని పడవలు ఆపేశారు. మధ్యాహ్నం దాకా రేవులో వానకు తడిసి ఇంటికి తిరిగొచ్చేశాను. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా ఇవతలి ఒడ్డునే ఉంటారు. నా పక్కనే గొడుగు పట్టుకుని ఎదురుచూసి, ఆవిడా వెనక్కి వెళ్లిపోయారు.

మర్నాడు ఇద్దరం కలిసి పడవెక్కాం. మూడో తరగతిలో కూడికలు మొదలుపెట్టాను. పది దాటితే ఏం చేయాలని అడిగానో లేదో, పిల్లలంతా ఒక్క గొంతుతో అందుకున్నారు.

"తొమ్మిది దాకా మా ఇంట్లో, పదైతే పక్కింట్లో!"

నా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. చిన్నప్పుడు నాకు లెక్కలు రాక ఏడుస్తుంటే అక్క కట్టిన పాట అది. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా వినలేదు.

"ఎవరు నేర్పారమ్మా?" అన్నాను.

"నిన్న టీచరు గారు చెప్పేరండీ," అంది ముందు వరసలోని పాప.

బడి తాళం తీసేది, వంట చేసేది ఆ లంకలోనే ఉండే సత్తెమ్మ. హెడ్‌మిస్ట్రెస్ గారూ నేనూ ఆవిణ్ణి పిలిచి అడిగాం.

"ఆయ్, వచ్చేరండీ. ఈవిడ గారిలాగే ఉన్నారు, కాస్త పొడుగు. బోర్డు మీద ఎడం చేత్తో రాసేరు. అన్నం పెడతానంటే వద్దన్నారు. సాయంత్రం రేవు వైపు వెళ్లేరండీ."

"నిన్న పడవల్లేవు కదా సత్తెమ్మా!" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

సత్తెమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మా అక్కది ఎడమచేతి వాటం.

ఆ బడికి నన్ను తప్ప ఎవరినీ వేయలేదని యూనివర్సిటీలో చెప్పారు. ఆ రోజు లంకలో ఎవరింటికీ చుట్టాలు రాలేదట. అక్క ఫొటో నా ఫోన్‌లోనే ఉంది. సత్తెమ్మకు చూపిద్దామని ఎన్నిసార్లు ఫోన్ బయటికి తీశానో. ఔనంటే ఏం చేయాలో తెలియలేదు. కాదంటే కూడా తెలియలేదు. చూపించకుండానే ప్రాక్టీసు ముగించాను.

పరీక్షలయ్యాక అమ్మకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. చేటలో బియ్యం ఏరుతున్నదల్లా చెయ్యి ఆపేసింది. తర్వాత ఒకటే అడిగింది.

"పిల్లలకి బాగా చెప్పిందంటా?"

"బాగా చెప్పిందంటమ్మా," అన్నాను.

అమ్మ తలూపి మళ్లీ బియ్యం ఏరసాగింది. అబద్ధం చెప్పానో, నిజం చెప్పానో నాకు ఈనాటికీ తెలియదు.