మేడ తాళంచెవికి ఇద్దరు పెద్దలు

నా చిన్నప్పుడు మేం దోహాలోని నజ్మాలో, ఒక పాత బిల్డింగులో అద్దెకుండేవాళ్ళం. ఎండ తగ్గాక ఆడుకోవడానికి పిల్లలకు మేడ మీది డాబా తప్ప వేరే చోటు లేదు. మా గోల భరించలేక వాచ్‌మన్ దానికి తాళం వేసేశాడు. బాధ్యత తీసుకునే లీడర్‌ని ఎన్నుకుంటేనే తాళంచెవి ఇస్తానన్నాడు.

నేనంటే నేనని కింది పోర్షన్ అబ్బాయికీ నాకూ గొడవ. పక్కింటి అక్కది నిజామాబాద్ వైపు. మా స్కూల్లోనే చరిత్ర చెప్పేది.

"కొట్లాడకుండ్రి. ఒక్కొక్కరు నా చెవిల రెండు పేర్లు చెప్పుండ్రి. ఎక్కువ ఓట్లొచ్చినోళ్ళు లీడర్, తర్వాతోళ్ళు డిప్యూటీ," అంది.

నేను లీడర్‌నయ్యాను. వాడు డిప్యూటీ అయ్యాడు. నా సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. నేను తాడాట అంటే వాడు క్రికెట్ అంటాడు. తాళంచెవి నా దగ్గర, బ్యాటూ బంతీ వాడి దగ్గర. నేను తలుపు తియ్యను, వాడు బంతి ఇవ్వడు. చిన్నపిల్లలు మెట్ల మీద కూర్చుని "యల్లా, తొందరగా ఏదో ఒకటి తేల్చండి!" అని మా ప్రాణం తీసేవాళ్ళు. రోజూ ఇదే తంతు. చివరికి వాచ్‌మన్ తాళంచెవి వెనక్కి తీసుకుంటానన్నాడు.

ఒళ్ళు మండి అక్క దగ్గరికెళ్ళాను. "ఇదేం పద్ధతక్కా? వాడితో నా వల్ల కాదు!"

"నేను కనిపెట్టిందా? అమెరికా కొత్తగ దేశమైనప్పుడు ప్రెసిడెంటును గిట్లనే ఎన్నుకున్నరు. రాష్ట్రానికి కొందరు పెద్దమనుషులు, తలా రెండు ఓట్లు. మొదటాయన ప్రెసిడెంటు, రెండో ఆయన వైస్ ప్రెసిడెంటు. ఒకపారి పడనోళ్ళిద్దరికి జోడీ కుదిరింది. ఇంకోపారి ఇద్దరికి సమానంగ ఓట్లొచ్చి, ఆ ఓట్లతోని ఎవరు పెద్దనో తేలకనే పాయె."

"మరేం చేశారు?"

"పద్ధతి మార్చుకున్నరు. ప్రెసిడెంటుకు ఒక ఓటు, వైస్‌కు ఒక ఓటు. దేనిది దానికే."

"అంతా తెలిసి మాకెందుకు పెట్టావు?" ఏడుపొచ్చేసింది నాకు.

"ఊకె చెప్తె ఇంటుంటివా? పో, ఆ పిలగాన్ని అడుగు. మార్చాల్నంటె ఇద్దరు ఒప్పుకోవాలె."

పళ్ళు నూరుకుంటూ వెళ్ళి అడిగాను. "నాకూ విసుగొచ్చేసిందే బాబూ, మార్చేద్దాం," అన్నాడు వాడు. మేమిద్దరం ఒప్పుకున్న మొదటి సంగతి అదే.

మళ్ళీ ఓట్లు వేశాం, ఈసారి దేనికది వేరుగా. వాడు లీడరయ్యాడు. నేను డిప్యూటీ కూడా కాలేదు, వాడితో పడేవాడొకడు అయ్యాడు. ఆ సాయంత్రమే మేడ తలుపు తెరుచుకుంది. ముక్కు చీదుకుంటూ ఫీల్డింగ్ చేశాను.

ఇప్పుడు దోహాలోనే మదీనత్ ఖలీఫాలో ఉంటున్నాను. మా తెలుగువాళ్ళ మీటింగుల్లో ఇద్దరు మంచివాళ్ళు అదే పనిగా కీచులాడుకుంటుంటే చిరాకు నషాళానికంటుతుంది. అయినా వాళ్ళను తిట్టను. వీళ్ళను ఇలా ఒకరి మీదికొకరిని తోసిన పద్ధతేమిటని అడుగుతాను. దాన్ని మారిస్తే నష్టపోయేది నేనే కావచ్చు. అది తెలిసే అడుగుతాను.