తిరగేసిన ఇరుసు

మస్కట్ హమ్రియాలోని మా రూమ్‌లో ఓంకార్ ఒక చోట కుదురుగా కూర్చుని అన్నం తినడం నేనెప్పుడూ చూడలేదు. పళ్లెం చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నాలుగు ముద్దలు, తలుపు దగ్గర నాలుగు ముద్దలు. కాలు కాలిన పిల్లి అంటారే, అచ్చం ఆ బాపతు. పనిలోనూ అంతే. చేతిలోది పూర్తికాకముందే మనసు తరువాతి దాని మీదికి దూకుతుంది. మంచివాడే, పనితనం కూడా ఉంది. కానీ ఆ తొందర చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వాడిది మెట్‌పల్లి దగ్గరి పల్లె. ట్రాక్టర్ ట్రాలీలు తయారుచేసే షెడ్డులో వెల్డింగ్ నేర్చుకున్నాడు. మస్కట్ వచ్చి వాదీ కబీర్‌లో ఒక చిన్న గ్యారేజ్‌లో పడ్డాడు. అక్కడ వాడికి గేట్లు, కిటికీ గ్రిల్లులు తప్ప వేరే పని ఇవ్వలేదు. బండ్ల పనంతా ఫోర్‌మన్ తహ్సీన్ చేతిలో ఉండేది. తహ్సీన్ పాకిస్తానీ, పెద్దమనిషి. గొంతు పెంచడు, కానీ తాను చూడకుండా ఒక్క నట్టు బిగించనివ్వడు.

"ట్రాలీలకు ట్రాలీలు తయారుచేసినోన్ని, నన్ను దెచ్చి గేట్ల కాడ కూసోబెట్టిన్రు" అని ఓంకార్ రూమ్‌లో గొణగని రోజు లేదు.

ఈ చలికాలం తహ్సీన్ సెలవు మీద ఊరెళ్లాడు. సరిగ్గా అప్పుడే అర్బాబ్, అంటే గ్యారేజ్ యజమాని, తన సొంత క్యారవాన్‌ను పనికి తెచ్చాడు. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు అది. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నీ ఉంటాయి. కిందటేడు ఎండిన వాగులో పోతుంటే దాని కడుపు రాళ్లకు రాసుకుని నీళ్ల పైపు తెగిపోయిందట. ఈసారి జానెడు ఎత్తు లేపమన్నాడు. గురువారం ఇంటిల్లిపాదీ బిదియా ఇసుక దిబ్బలకు బయల్దేరుతున్నారు.

"ఇది బాగా కుదిరితే మా స్నేహితుల బండ్లు కూడా ఉన్నాయి. అవన్నీ నీకే" అన్నాడట.

వాడికి ఇంకేం కావాలి. ఆ సాయంత్రం రూమ్‌లో కాలు నేల మీద ఆనలేదు.

ఎత్తు లేపే కిటుకు పెద్ద కష్టమైందేమీ కాదు. ఆ బండికి ఇరుసు, కుదుపులు కాచే కమాన్ పట్టీల పైన ఉంది. దాన్ని పట్టీల కిందికి మారిస్తే బండి దానంతట అదే పైకి లేస్తుంది. అయితే పట్టీలు ఆనే పీటలు ఇరుసుకు అడుగు వైపున ఉన్నాయి. పై వైపున కొత్తవి అతికించాలి, రెండూ ఒకే వాలుగా రావాలి. దానికి ఓపిక కావాలి. ఓంకార్ ఆ తంటా పడకుండా ఇరుసునే తిరగేశాడు. అడుగు పీటలు పైకొచ్చాయి, వెల్డింగే అక్కర్లేకపోయింది. మెట్‌పల్లిలో ట్రాలీలకు అలాగే చేస్తారు. ట్రాలీ ఇరుసు తిన్నటి కడ్డీ, దానికి పైనా కిందా ఉండదు.

బుధవారం అర్బాబ్ పిల్లలు బండి చూడటానికి వచ్చారు. వాళ్లతో ఘుబ్రాలోని వాళ్లింట్లో వంట చేసే మల్లీశ్వరి కూడా వచ్చింది. రాయచోటి వైపు మనిషి. తెలుగు వినపడిందంటే చాలు, పలకరించకుండా పోదు.

"ఇంతెత్తు లేపినావు, మా పెద్దమ్మ ఎట్లెక్కుతాదన్నా?" అంది, అర్బాబ్ తల్లి గురించి.

"ఇగో, ఇంకో మెట్టు అతికిచ్చిన చెల్లె."

ఆమె మెట్టెక్కి లోపలికి తొంగిచూసి దిగింది. "నేనీ దేశమొచ్చి శానా ఏండ్లాయ. వంటింట్లో నుంచి మిద్దె మీదికి, మిద్దె మీద నుంచి వంటింట్లోకి. పోయిన తూరి పెద్దమ్మను జూసుకోమని నన్ను ఇంట్లోనే ఇడిసిపెట్టి పాయిరి. ఈ తూరి పెద్దమ్మే పోతాంది గదా, నేను గూడా పోతాండా" అంది. ఆ ప్రయాణం కోసం కొత్త చెప్పులు కూడా కొనుక్కుందట.

గురువారం మధ్యాహ్నం వాళ్లు బయల్దేరారు. ఓంకార్ రూమ్‌కొచ్చి, గొప్ప చెప్పుకోవడానికే, తహ్సీన్‌కు ఫోన్ కలిపాడు. తహ్సీన్ అంతా విని, "శభాష్. కొత్త పీటలు పై వైపున వేశావు కదా? ఇరుసును తిరగేయలేదు కదా?" అని హిందీలో అడిగాడు.

"లేదు భాయ్" అన్నాడు ఓంకార్.

"అదే అడుగుతున్నా. ఆ ఇరుసు నడుమ పైకి కొంచెం ఉబ్బి ఉంటుంది. బరువు పడితే తిన్నగా అయి చక్రాలు నిటారుగా నిలబడతాయి. తిరగేస్తే ఉబ్బు కిందికి దిగి చక్రాలు లోపలికి ఒరుగుతాయి. అంచు అరిగి టైరు పేలుతుంది."

ఫోన్ పెట్టేశాక, ఇరుసును తిరగేసిన మాట నా దగ్గర ఒప్పుకున్నాడు.

"అర్బాబ్‌కు ఫోన్ చెయ్" అన్నాను.

వాడు కిటికీ దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు. ఫోన్ తీశాడు, జేబులో పెట్టాడు. కొండగట్టు అంజన్నకు మొక్కాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "మొక్కితే టైరు ఆగుతుందా? కారులో పిల్లలున్నారురా" అని అరిచాను. చివరికి వాడు ఫోన్ చేసింది మల్లీశ్వరికి.

ఆ కారులో ఆమెకు తప్ప ఎవరికీ తెలుగు రాదు కాబట్టి గొంతు తగ్గించే అవసరం ఆమెకు లేదు. బిదియా దారిలో బిద్‌బిద్ ఊరు దాటామంది. వీడు సంగతంతా చెప్పాడు.

"నేను జెప్తే ఎవురింటారన్నా? వంటమనిషికి చక్రాల సంగతి ఏం తెలుసంటారు. నువ్వే జెప్పు."

"నేను చెప్తే నా పని పోతది చెల్లె."

"సరే, పెట్టెయ్" అంది.

మళ్లీ ఫోన్ వచ్చేదాకా వాడు రూమ్‌లో తిరుగుతూనే ఉన్నాడు. వాణ్ని చూస్తూ నేనూ కూర్చోలేకపోయాను. ఆ టైరు ఎక్కడ పేలిందో, కారు ఎటు దొర్లిందో అని లేనిపోనివన్నీ కళ్ల ముందు ఆడాయి.

"వాంతి వస్తాందని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఆపిచ్చినా" అంది మల్లీశ్వరి. "దిగి ఆ చక్రం కాడనే కూలబడినా. ఒకటే రబ్బరు కమురు. అర్బాబ్ నాకేమైందోనని వచ్చి దాన్ని జూసినాడు. లోపలి అంచంతా గీసకపోయి దారాలు బయటపడినాయి. మెల్లగా ఎనక్కి వస్తాండాం. పిల్లోల్లు ఒకటే ఏడుపు."

తనకెలా ఉందో ఆమె చెప్పలేదు. వీడు అడగలేదు కూడా.

శనివారం అర్బాబ్ గ్యారేజ్‌కొచ్చి, ఆ పిల్ల కడుపు తిప్పబట్టి మేం బతికిపోయామని నలుగురికీ చెప్పాడట. ఓంకార్ తన తప్పు ఒప్పుకోలేదు. పైగా, "టైరే మంచిది కానట్టుంది అర్బాబ్" అన్నాడట. ఈ మాట రూమ్‌లో నాతో చెప్పినప్పుడు వాడితో మాట్లాడటం మానేశాను. చేసిన తప్పుకంటే ఆ మాటే నాకు ఎక్కువ మండింది.

కొత్త టైర్లు వచ్చాయి. సర్దుబాటు అనే పేరు పెట్టి వాడు ఇరుసును విప్పి, మళ్లీ సరైన వైపుకు తిప్పి, పై వైపున కొత్త పీటలు అతికించాడు. ఈసారి కొలిచిందే కొలిచాడు. తాడు పట్టి చూశాడు, బండి కింద పడుకుని చూశాడు. పని బాగా వచ్చింది, కానీ వాడికి తిండి సయించలేదు.

మరుసటి గురువారం అర్బాబ్ బండి తీసుకుపోవడానికి వచ్చాడు. కారుకు తగిలిస్తూ నవ్వుతూ అన్నాడు: "ఈసారి ఆ మల్లీశ్వరిని ఇంట్లో వదిలేస్తున్నాం. దానికి కారు పడదు. అమ్మను చూసుకోవడానికి మా అక్క వస్తోంది."

ఓంకార్ తలూపాడట. అర్బాబ్ కారెక్కి తలుపు వేశాడు. బండి గేటు దాకా పోయింది. అప్పుడు ఓంకార్ పరిగెత్తాడు. అద్దం మీద కొట్టి ఆపి, తన తప్పు మొదలు ఆమె వాంతి అబద్ధం దాకా అన్నీ చెప్పేశాడు.

అర్బాబ్ ఇంజన్ ఆపాడు.

"కారులో మా అమ్మ ఉంది. నా పిల్లలున్నారు. నా నంబర్ నీ దగ్గర ఉంది" అన్నాడు.



అర్బాబ్ దిగి కొత్త పీటలను ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. ఇంటికి ఫోన్ చేసి అరబ్బీలో ఏదో చెప్పాడు. మాటల మధ్యలో మల్లీశ్వరి పేరు వినబడిందట. కారెక్కుతూ, "నువ్వు ఇక బండ్లు ముట్టుకోకు. గేట్ల పని చూసుకో" అన్నాడు. స్నేహితుల క్యారవాన్‌లు తహ్సీన్ వచ్చాకేనన్నాడు. వాడు కలలుగన్నదంతా ఆ ఒక్క మాటతో పోయింది. పోతే పోయింది, నాకు జాలి కలగలేదు. కానీ ఆ పూట వాడి పళ్లెంలో కూర వడ్డించింది నేనే.

శుక్రవారం సాయంత్రం మల్లీశ్వరి ఫోన్ చేసింది. ఓంకార్ స్పీకర్ పెట్టాడు. గాలి హోరు, దాని వెనక ఎక్కడో పిల్లల కేకలు.

"టైరు ఎట్లున్నది చెల్లె? లోపలంచు చూసినవా?"

"ముందు నేనెట్లుండానో అడుగన్నా."

సిగ్గుతో వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఎట్లున్నవ్ చెల్లె?"

"బాగుండా. దిబ్బ మీద కూర్చున్నా. ఎవురూ నన్ను పిలవకుండా ఇంతసేపు ఎప్పుడూ కూర్చోలేదన్నా, ఈ దేశమొచ్చినాక" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ గాలిలో తెలియలేదు.

అంతలో అటువైపు ఎవరో పిలిచారు. "పోతాండా అన్నా" అని పెట్టేసింది.