చిట్టెమ్మ జానెడు దారం

చిట్టెమ్మకి సూదిలో దారం ఎక్కించడం చేతకాదు. యాభై ఏళ్ళుగా బొంతలు కుడుతున్న మనిషి. సోంపేటలో ఆవిడ బొంత కప్పుకోని ఇల్లు లేదు. అయినా దారం మాత్రం ఇంకొకరే ఎక్కించాలి. అదేమంటే కళ్ళు కనపడవంటుంది. పోనీ ఒకసారి ఎక్కించి తప్పించుకుందామా అంటే, దారం జానెడే తుంచుతుంది. పది కుట్లు పడేసరికి అయిపోతుంది. మళ్ళీ ఎవరో ఒకరు దొరకాలి. రైల్లో టీసీ వచ్చి టికెట్ అడిగితే టికెట్‌తో పాటు సూది కూడా చేతికిచ్చిందని ఆవిడ చుట్టాల్లో చెప్పుకుంటారు.

పెళ్ళయిన కొత్తలో నీలవేణి ఈ కథ విని పొట్ట పట్టుకుని నవ్వింది. ఇప్పుడు నవ్వే స్థితిలో లేదు. భర్త ప్రేమ్‌కుమార్ ఐసీయూలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో వానకి మోటారుసైకిలు జారి, తల రోడ్డుకి కొట్టుకుంది. నోట్లో గొట్టం పెట్టి మిషనుతో ఊపిరి ఆడిస్తున్నారు. డాక్టరు బతుకుతాడనీ అనలేదు, బతకడనీ అనలేదు. "చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నీలవేణి బయట హాల్లో ఇనప కుర్చీలో మూడు రోజులుగా కూర్చుని ఉంది.

నాలుగో రోజు పొద్దున్న సోంపేట నుంచి చిట్టెమ్మ దిగింది. నీలవేణి మామగారి పేరు దేముడు. అతనికి చిట్టెమ్మ అప్ప, అంటే అక్క, ప్రేమ్‌కుమార్‌కి మేనత్త. చంకలో బట్టల సంచీ చిన్నది, చేతిలో గుడ్డముక్కల మూట పెద్దది. దగ్గరికి తీసుకుని ఏడుస్తుందేమో, తనూ ఆవిడ భుజం మీద పడి ఏడుద్దామని నీలవేణి లేచి నిలబడింది.

"కాసింత పక్కకి జరుగమ్మీ. ఈ సోట ఎలుతురు బాగుంది" అంటూ చిట్టెమ్మ నేలమీద మూట విప్పింది.

"ఏటిది పెద్దమ్మా? ఆయన లోన అలాగ పడుంటే నువ్వు బొంత కుడతావేటి?"

"బొంతెక్కడిదే, పైగుడ్డే కదా! లోన పాత సీరలెట్టి కుట్టుకోడం ఇంటికెల్లినాక. ఇదిగో, కల్లు అవుపడ్డం నేదు. దారం ఎక్కించు."

నీలవేణి ఒళ్ళు మండిపోతూ ఎక్కించింది. అయిదు నిమిషాల్లో సూది మళ్ళీ ముక్కు దగ్గరికి వచ్చింది. తరవాత గుమ్మం దగ్గర కాపలావాడి వంతు. "దాదా, ఇదర్ ఆవో" అని పిలిచి సూది చేతిలో పెట్టింది. పొద్దుటి నుంచి అందరినీ కసురుకుంటున్న ఆ మీసాల బెంగాలీ మనిషి, లాఠీ గోడకి ఆనించి, దారం కొస నోట్లో తడిపి, ఒక కన్ను మూసుకుని నిలబడ్డాడు. ఎక్కాక "హో గయా!" అని చిన్న పిల్లాడిలా అరిచాడు కూడా. రెండు రోజులు తిరిగేసరికి హాల్లో ఏ మూల చూసినా ఎవరో ఒకరు ఒంటికన్ను మూసుకుని కనిపించేవారు. అక్కడితో ఆగలేదు. ఎక్కించినవాళ్ళ చేత రెండు కుట్లు కూడా వేయించేది. వేశాక, "ఇది కుట్టేటి? పట్టాలు తప్పినట్టుంది" అని విప్పించేది.

దేముడు మాత్రం ఆ పక్కకే చూసేవాడు కాదు. రైల్వేలో గేట్‌మ్యాన్‌గా రిటైరైన మనిషి. కొడుకుని లోపల పడుకోబెట్టిన రోజు నుంచి నోరు విప్పలేదు. అన్నం పెట్టినా మంచినీళ్ళిచ్చినా గోడని చూస్తూ కూర్చునేవాడు. ఆరో రోజున చిట్టెమ్మ ట్రాఫిక్ కాలనీలోని వాళ్ళ రైల్వే క్వార్టరుకి వెళ్ళి స్నానం చేసి వచ్చింది. వస్తూ వస్తూ ఒక ఎర్రగుడ్డ తెచ్చి నాలుగు పలకలుగా కత్తిరించింది.

"అప్పా!" అని హాలు అదిరేలా దేముడు లేచాడు. "అది నా జెండా!"

"అయితే ఏటి? సిరిగిపోనాది."

"ముప్పయ్యారేళ్ళు పట్టుకున్నాను దాన్ని! ఎన్ని బళ్ళు ఆపినానో నీకు తెలుసా? ఎన్ని పేనాలు..." అతని చూపు ఐసీయూ తలుపు మీద పడింది. "ఆడి బండి ఒక్కటే ఆపలేకపోనానప్పా. వానలో ఎల్లొద్దని ఒక్క మాట అన్నేదు."

అయిదు రోజుల ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. నీలవేణి ఎన్నడూ ఆయన్ని అలా చూడలేదు. చిట్టెమ్మ ఓదార్చలేదు. అతను కళ్ళు తుడుచుకునే దాకా ఆగి, సూది చేతిలో పెట్టింది. అది ఎక్కించడానికి దేముడికి అరగంట పట్టింది.

ప్రేమ్‌కుమార్ పక్క మంచం మీద ఏంజెలా భర్త ఉండేవాడు. ఏంజెలా న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో ఉంటుంది, బళ్ళో టీచరు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆవిడ ఒక ముక్క కుడుతూండగా తలుపు తెరుచుకుంది. నర్సు వచ్చి ఆవిడ పక్కన వంగుని మెల్లగా చెప్పింది.

"పోయారా?" అంది ఏంజెలా.

నర్సు తలూపింది. అప్పుడు చిట్టెమ్మ గొంతు వినపడింది.

"ఆ వరస పూర్తి సేసి లెగమ్మా."

"పెద్దమ్మా! మతుండే అంటన్నావా?" నీలవేణి దాదాపు అరిచింది.

ఏంజెలా మాత్రం తలవంచి, మిగిలిన నాలుగు వేళ్ళ మేర కుట్టింది. ముడి వేసి దారం కొరికి, ముక్క మడిచి చిట్టెమ్మ ఒళ్ళో పెట్టింది. అప్పుడు లేచి లోపలికి నడిచింది. ఎవరూ పట్టుకోనక్కర్లేకపోయింది.

ఆ రోజంతా నీలవేణి చిట్టెమ్మతో మాట్లాడలేదు. మొగుడు చచ్చిపోయాడని చెబితే కుట్టు సంగతి చూడమనే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని లోలోపల తిట్టుకుంటూనే ఉంది. మర్నాడు టిఫిను పట్టుకుని రోజూకంటే ముందే ఆస్పత్రికి వచ్చింది. హాల్లో చిట్టెమ్మ ఒక్కతే మేలుకుని ఉంది. ముందు గుడ్డమీద పన్నెండు సూదులు వరసగా గుచ్చి ఉన్నాయి. అప్ప అందరినీ అడుక్కోకూడదని ముందురోజు సాయంత్రం దేముడు కూర్చుని బారెడు బారెడు దారాలు ఎక్కించి పెట్టాడు. చిట్టెమ్మ వాటిని ఒక్కొక్కటే లాగేస్తోంది. లాగి, జానెడు జానెడు తుంచుతోంది. ఒక సూది బెజ్జం మరీ సన్నగా అనిపించిందో ఏమో, తుంచిన దారం ఒకసారి ఎక్కించి చూసుకుంది. ఒక్క విసురులో ఎక్కింది. కన్ను కూడా మూయలేదు.

"నీ కల్లు బాగానే ఉన్నాయి!" అంది నీలవేణి.

"అరవకమ్మీ" చిట్టెమ్మ దొంగలా చుట్టూ చూసింది. "ఇయ్యన్నీ ఎక్కించీసి ఉంటే, ఈలందరూ లెగిసి సేతులు ఏటి సేసుకుంటారు?"

నీలవేణి టిఫిను కింద పెట్టింది.

"మీ పెదనాన్న, మా ఇంటాయన, బరంపురం ఆస్పత్రిలో ఇరవై రోజులున్నారు. నాను బయట ఊరికే కూకున్నాను. సేతులు ఊరుకోవు కదా! కట్టుకున్న సీర కొంగు పోగు పోగు లాగీసినాను. ఆయన పోనారని సెప్పేసరికి ముకం కప్పుకోడానికి కొంగు నేదు."

"మరి నిన్న ఏంజెలాతో..."

"లెగిసి నిలబడ్డానికి కాల్లకి కాసింత సేపు గావాలమ్మీ."

నీలవేణికి ఆ ముసలిదాని మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. పక్కన కూలబడి మిగిలిన సూదుల్లోంచి తనూ దారాలు లాగింది.

పన్నెండో రోజు గొట్టం తీశారు. ఒక గంట, రెండు గంటలు, ఒక పూట. ప్రేమ్‌కుమార్ తన ఊపిరి తనే పీల్చుకున్నాడు. మర్నాడు పొద్దున్న కళ్ళు తెరిచాడని నర్సు వచ్చి చెప్పింది. ఇద్దరే లోపలికి రావాలంది. తండ్రివి నువ్వెళ్ళమని చిట్టెమ్మ అంటే, తన కాళ్ళు ఇంకా లేవడం లేదని దేముడు అన్నాడు. నీలవేణి చిట్టెమ్మ చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళింది.

ప్రేమ్‌కుమార్ మొహం సగానికి సగమై ఉంది. పెళ్ళాన్ని చూశాడు, గుర్తుపట్టాడు. తరవాత ఆవిడ వెనకాల నిలబడ్డ మేనత్తని చూశాడు. ఈ పదేళ్ళలో చిట్టెమ్మ ఖరగ్‌పూర్ వచ్చిందంటే అది ఎవరో ఒకరి దినకార్యానికే. అతని కళ్ళల్లో భయం కదిలింది. పెదాలు కష్టం మీద విడిపోయాయి.

"అత్తా... ఎవులు పోనారు?"

"ఎవులూ పోనేదురా ఎదవా!" చిట్టెమ్మ మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంది. "నువ్వెల్తావేమోనని ఒచ్చినాను. పది రోజులు ఉత్తినే కూకోబెట్టినావు."

"తప్పయిపోనాదత్తా" అన్నాడు ప్రేమ్‌కుమార్, గాలి తప్ప శబ్దం లేని గొంతుతో.

నీలవేణి నవ్వింది. ఆపుకుందామని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. నర్సు కళ్ళెర్రజేసింది, అయినా ఆగలేదు. ఆ తలుపు వెనకాల నుంచి నవ్వు వినపడడం బయట హాల్లో ఎవరికీ అలవాటు లేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దేముడు గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.