రెండు నోటుబుక్కులు, ఒక కాలు

జులైలో ఒక ఉదయం ఆరు నలభైకి మణుగూరు అవతలి అడవి క్యాంపులో దిగాను. వాన. వీపున పద్దెనిమిది కిలోల సామాను, చేతిలో మందుల పెట్టె. కేంద్ర పోలీసు బలగంలో నేను నర్సింగ్ అసిస్టెంటును. "రెండు షెడ్లూ నువ్వే చూసుకోవాలి" అన్నాడు కమాండెంట్.

ఒక షెడ్డు జవాన్లకు, ఇంకొకటి గూడేల నుంచి వచ్చేవాళ్లకు. సర్జరీ చదువుతున్న ఇద్దరు డాక్టర్లు వేర్వేరు కాలేజీల నుంచి మూడు నెలల డ్యూటీకి వచ్చారు. జవాన్లను సార్, గూడెంవాళ్లను మేడమ్ చూసేవారు. ఇద్దరిదీ గాయాల మీదే థీసిస్. నా దస్తూరీ బాగుంటుందని ఇద్దరి నోటుబుక్కులూ నాతోనే రాయించేవారు.

"నా కేసులు సార్‌కు చెప్పకు అన్నా, థీసిస్ అయ్యేదాంక" అన్నారు మేడమ్. సారూ అదే మాట. సెల్యూట్ కొట్టాను. మహా గొప్ప సిపాయిని మరి!

మేడమ్ చెప్పగా ఆమె నోటుబుక్కులో ఎర్ర సిరాతో ఒక లైను రాశాను: 'వెదురు గుచ్చుకున్న గాయం. పైకి శుభ్రం, లోపల పీచు. కుట్టకూడదు.'

ఆగస్టులో, గస్తీకి వెళ్లిన వైర్‌లెస్ ఆపరేటర్ గొంతు సెట్లో వినిపించింది. మణుగూరు బొగ్గుగని కార్మికుడి కొడుకు.

"అన్నా, పిక్కల వెదురు కొస దిగింది. చిన్నదే. నడుస్తనే వస్తున్న."

పదకొండు ఇరవైకి వచ్చాడు. సార్ గాయం కడిగి, "క్లీన్‌గానే ఉంది" అని నాలుగు కుట్లు వేశారు. దారం కత్తిరించింది నేనే. ఇరవై అడుగుల దూరంలో మేడమ్ ఉన్నారు. ఆ ఎర్ర లైను గుర్తొచ్చినా, మాటిచ్చానని నేను చెప్పలేదు.

మూడో రోజుకు కాలు మొద్దులా వాచి నల్లబడింది. వాగు పొంగి రోడ్డు మూసుకుపోయింది. వానకు హెలికాప్టర్ రానన్నది. అప్పుడు పరుగెత్తి మేడమ్‌ను పిలుచుకొచ్చాను, నోటుబుక్కుతో సహా.

సార్ ఆ ఎర్ర లైను చదివారు. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరిద్దరే వద్దన్నారు కద సార్."

ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. వాళ్లిద్దరూ కలిసి చేసిన మొదటి ఆపరేషన్, మోకాలి పైన ఆ కాలు తీసేయడం.

ఆ వారమే ఇద్దరూ వేరే కాలేజీల్లో చదువుతున్న తోటి డాక్టర్లకు ఫోన్లు చేశారు. "థీసిస్ ఎవరిదన్న కానీ, గాయాలన్నీ ఒక్కకాడ రాద్దాం." కొత్త ఫారం కూడా నాతోనే నింపించారు. మొదటి కేసు మావాడే. నా దస్తూరీ నాకే అర్థం కాలేదు.

అక్టోబరులో మా ఊరు కల్లూరు తిరిగొచ్చాను. "అడవిల కాల్పులు చూసినవా?" అని అడుగుతారు ఊళ్లోవాళ్లు. నాకు గుర్తొచ్చేది అది కాదు. ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు, జ్వరంలో మావాడన్నాడు: "అన్నా, ఎల్లుండి పరేడ్ ఉంది. నా బూట్లు జర పాలిష్ చెయ్యరాదే."

తెలిసీ రెండూ పాలిష్ చేశాను. జంటగా వాడి మంచం కింద పెట్టాను.